కరుణ మీద చుక్క

తూర్పు ఆఫ్రికా తీరాన లాము ఊళ్లో ద్వారబంధాలు చెక్కే షెకూవేకి చదువు రాదన్న సంగతి, అతనికి నలభై ఏళ్లు దాటేదాకా కట్టుకున్న భార్యకి కూడా తెలియదు.

తెలియకపోవడంలో వింత లేదు. పెద్ద బజారు వెనక సందుల్లో ఏ షావుకారు ఇంటి ముందు తల ఎత్తి చూసినా అతని ఉలి నడిచిన చెక్కే కనిపించేది. నిలువు పట్టెల మీద అలలు, చేప పొలుసులు, కింద తామరపూలు, పైపట్టె నిండా తీగలుగా అల్లుకుపోయిన అరబ్బీ రాత. అంత చక్కగా రాత చెక్కేవాడు దాన్ని చదవలేడని ఎవరనుకుంటారు?

ఏడేళ్లప్పుడు తల్లి అతన్ని ఖురాను బడికి పంపింది. పలక మీద అక్షరాలు నిలకడగా నిలబడేవి కావు. మిగతా పిల్లలు గడగడా చదువుతుంటే వాడు ఉత్తినే పెదవులు ఆడిస్తూ కూర్చునేవాడు. ఒకరోజు గురువుగారు చింత బరికె నేలకేసి కొట్టి, "ఇది ఏ అక్షరంరా?" అని గద్దించేసరికి కూర్చున్నచోటే తడిపేసుకున్నాడు. పిల్లలంతా ఒక్కసారిగా నవ్వారు. మర్నాటి నుంచి బడి పేరెత్తితే ఒళ్లు కాలిపోయేది. తల్లి విసిగిపోయి తన తమ్ముడు బును దగ్గర వడ్రంగంలో పెట్టింది.

మేనమామ బును ఆరు నెలలకే పిల్లాడి చెయ్యి ఎలాంటిదో గుర్తుపట్టాడు. అక్షరం సంగతి కూడా ఆయనకే తెలుసు. "నీకు కళ్లు చేతిలో ఉన్నాయిరా," అన్నాడు ఒకసారి. "కానీ నోరు విప్పకు. అక్షరం రానివాడి చేత దేవుడి మాట చెక్కించుకోడానికి ఈ ఊళ్లో ఎవడూ ఒప్పుకోడు. నీ కూడు పోతుంది, నా పరువూ పోతుంది."

షెకూవే నోరు విప్పలేదు. మసీదులో శుక్రవారం ప్రసంగం చెప్పే ఖతీబు గారు కాగితం మీద కలంతో వాక్యం రాసిచ్చేవారు. దాని గీతల వెంట సూదితో సన్నగా చిల్లులు పొడిచి, చెక్క మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దేవాడు. చెక్క మీద చుక్కల బాట తేలేది. ఆ బాట పట్టుకుని చుట్టూ చెక్క తీసేస్తే అక్షరాలు ఉబ్బుగా నిలిచేవి. ఎవరైనా "ఏం చెక్కుతున్నావ్, చదువు" అంటే, "కంట్లో రంపపు పొట్టు పడింది, నువ్వే చదువు" అని కళ్లు నులుముకునేవాడు. ప్రార్థనలన్నీ చెవితో విని కంఠస్థం చేసుకున్నాడు. ఇంట్లో భార్య మిజే సాయంత్రం ఖురాను తీసి చదువుతుంటే పక్కన కూర్చుని తల ఊపేవాడు. మిజే వాళ్ల అమ్మమ్మ దగ్గర అక్షరం తప్పకుండా చదువుకున్న మనిషి. ఊళ్లో పురుళ్లు పోసేది. ఎక్కడ ఆమె పుస్తకం తన ముందుకు జరిపి "ఇక్కణ్ణుంచి నువ్వు చదువు" అంటుందోనని పదహారేళ్ల కాపురంలో ఒక్క సాయంత్రం కూడా అతను నిబ్బరంగా కూర్చోలేదు.

ఇలా ఉండగా మడ అడవుల వాసాలు ఓడలకెత్తి అరబ్బు దేశానికి పంపే నస్సోరు షావుకారు కొత్త ఇల్లు తలపెట్టాడు. మా ఊళ్లో ముందు ద్వారబంధం నిలబెట్టి ఆ తర్వాతే దాని చుట్టూ గోడలు లేపుతారు కాబట్టి, ఇంటికి మొదటి పిలుపు షెకూవేకే వచ్చింది. 'అల్లా కరుణ ఈ ఇంటి మీద నిలుచుగాక' అన్న వాక్యం పైపట్టె మీద కావాలన్నారు. ఖతీబు గారు రాసిచ్చారు. ఆ నెలలోనే ఆయన జ్వరంతో పోయారు.

పని ఆలస్యమైంది. మలబారు నుంచి రావలసిన టేకు, ఈశాన్య గాలి ఆలస్యంగా మళ్లడంతో రెండు నెలలు ఆగిపోయింది. నస్సోరుకి ఓపిక తక్కువ. ఒక సాయంత్రం మసీదు ఎదురుగా అరుగు మీద పదిమందిలో కూర్చుని, దారిన పోతున్న షెకూవేని కేకేశాడు.

"ఏమయ్యా, మీ మామ ద్వారాలు చెక్కేవాడు. నువ్వు పొయ్యిలోకి కట్టెలు చెక్కుతున్నట్టున్నావే! నా మనవలు పుట్టేలోపన్నా అవుతుందా?"

అరుగంతా నవ్వింది. బళ్లో పిల్లలు నవ్విన ఆనాటి నవ్వే చెవుల్లో మోగి, షెకూవేకి ముఖం కందిపోయింది. "పైవాడు చూస్తున్నాడు షావుకారూ," అన్నాడు. "ఈ ఇంటికి ఏది రాసిపెట్టి ఉందో అదే దొరుకుతుంది."

పని మంచిగానే వస్తుందని చెప్పడమే అతని ఉద్దేశం. కానీ మాట కాస్త కటువుగా పడింది. అరుగు మీదివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ద్వారబంధం నిలబెట్టిన రోజు మేకను కోశారు. హల్వా పంచి, కాఫీ పోశారు. పెద్దలంతా తలలెత్తి, "కరుణ, కరుణ... ఏం చెక్కాడయ్యా!" అని మెచ్చుకున్నారు. గోడలు లేచాయి, ఇల్లు పూర్తయింది, నస్సోరు తల్లిని, భార్యని తీసుకుని కాపురం పెట్టాడు.

మొదటి కొడుకు పుట్టి ఏడో రోజున, పేరైనా పెట్టకముందే పోయాడు. ఆ ఏడే షావుకారు ఓడ ఒకటి సోమాలీ తీరాన రాళ్లకు కొట్టుకుంది. రెండో కాన్పు మిజేయే పోసింది. బిడ్డ ఏడవనే లేదు. ఆ ఇంట్లో ఏదో ఉందని ఊరు గుసగుసలాడింది. నస్సోరు తల్లి మ్వానా ఎషా మూలమూలలా సాంబ్రాణి వేయించింది. మూడోసారి కోడలు హిదాయా నెల తప్పినప్పుడు మళ్లీ మిజేకే కబురొచ్చింది.

హిదాయాకి ఏడో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం మిజే ఆవిడ నడుముకి నూనె రాయడానికి వెళ్లింది. గుమ్మంలోంచి కూలీలు మూటలు బయటికి మోస్తున్నారు. వాళ్లు తప్పుకునేదాకా ఎదుటి గోడకి ఆనుకుని నిలబడింది. ఎండ సరిగ్గా పైపట్టె మీద పడుతోంది. చెయ్యడానికేం లేక, చిన్నప్పుడు నేర్చుకున్నట్టు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాత చదివింది. చదివి, కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది.

ఇంటికొచ్చేసరికి షెకూవే కొబ్బరిపాలలో ఉడికిన చేప అన్నంలో కలుపుకుంటున్నాడు. మిజే నూనె గిన్నె కింద పెట్టలేదు, పీట మీద కూర్చోలేదు.

"ఏమయ్యా, ఒక్క మాట. నిజం చెప్పు. నస్సోరు మీద నీకింకా కోపం ఉందా?"

"ఏం కోపం? ఎప్పటి మాటో అది. ఎందుకిప్పుడు?"

"అయితే ఆ ఇంటి మీద ఆపద అని ఎందుకు చెక్కావు?"

షెకూవే చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏ ఆపద?"

"నాతో ఆటలాడకు! అరబ్బీలో ఆ మాట మొదటి అక్షరం నెత్తిన చుక్క లేకపోతే కరుణ. చుక్క పడితే ఆపద. శనగగింజంత చుక్క పెట్టావు. చూసే చదివే వచ్చాను. రెండో పిల్లాణ్ణి ఈ చేతుల్తో తీశానయ్యా, ఈ చేతుల్తోనే గుడ్డలో చుట్టాను. అదంతా నువ్వు తెలిసి చేశావా?"

'ఏది రాసిపెట్టి ఉందో అదే దొరుకుతుంది' అని తను అరుగు ముందు అన్న మాట ఎవరో చెవిలో అరిచినట్టయింది. పదిమంది విన్నారు. తెలిసి చెక్కానంటే చేతబడి చేసినవాడు. తెలియక చెక్కానంటే అక్షరం ముక్క రానివాడు. ముప్ఫై ఏళ్లు ఏ మాట బయటపడకుండా దాచుకున్నాడో, ఇప్పుడు ఆ మాట తప్ప వేరే దిక్కు లేదు.

"మిజే... నాకు చదవడం రాదు."

ఆమె నవ్వబోయింది. అతని ముఖం చూసి ఆగిపోయింది. లోపలికెళ్లి ఖురాను తెచ్చి, విప్పి అతని ముందు పెట్టింది. "ఇదేం అక్షరం?"

షెకూవే చూశాడు. నుదుట చెమట పట్టింది. నెరిసిన గడ్డంతో ఉన్న మనిషి, దెబ్బ కోసం ఎదురుచూసే పిల్లాడిలా భుజాలు ముడుచుకున్నాడు. మిజే పుస్తకం మూసేసింది.

"పదహారేళ్లు," అంది మెల్లగా. "పదహారేళ్లూ నా పక్కన కూర్చుని తల ఊపావు."

అతను లేచి చెయ్యి కడుక్కుని, పైకప్పు వాసాల మధ్య దాచిన కాగితాల చుట్ట తీశాడు. దేవుడి పేరున్న కాగితం పారెయ్యడానికి భయపడి అన్నీ అక్కడే దాచేవాడు. నస్సోరు ఇంటి కాగితం విప్పితే, చుక్క ఉండనే ఉంది. మిజే దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి, కంటికి దగ్గరగా పెట్టుకుని, గోటితో గీరింది. చుక్క పొలుసులా ఊడి వచ్చింది. కింద కాగితం తెల్లగా ఉంది.

"సిరా కాదయ్యా ఇది. ఈగ రెట్ట!"

ఇద్దరికీ ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే మిజే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చుక్క ఊడిన చోట చుట్టూ షెకూవే సూదితో పొడిచిన చిల్లులు గుండ్రంగా అలాగే ఉన్నాయి. లోపల ఏమీ లేదు. చూసినవాడెవడైనా ఏమంటాడు? ఖతీబు గారు కరుణ అనే రాశారు, వడ్రంగే పనిగట్టుకుని చుక్క పొడుచుకున్నాడంటాడు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ ఆమె గోరు తీసేసింది.

"అయ్యో, ఎంత పని చేశాను!" అని నేల మీద కూలబడింది.

ఆ రోజు నుంచి షెకూవేకి ఊరంతా కళ్లే అయింది. నస్సోరు ఇంటి సందు మానేసి, రేవు చుట్టూ తిరిగి వెళ్లేవాడు. తిరిగి వెళ్లినా మనసు అక్కడే ఉండేది. ఆ గుమ్మం పక్క అరుగు మీద పొద్దున్నుంచి చీకటిపడేదాకా మనుషులే. అందరూ చదువుకున్నవాళ్లే. వాళ్లలో ఒక్కడు, ఒక్కసారి, తీరిగ్గా తల ఎత్తితే చాలు. ఒకరోజు తప్పనిసరై అటు వెళ్తే, అరబ్బు దేశపు ముకల్లా రేవు నుంచి ఓడలో వచ్చిన వ్యాపారి ఒకాయన సందులో నిలబడి వేలు గాలిలో ఆడిస్తూ పైపట్టె చదువుతున్నాడు. "అల్లా..." అని గట్టిగా పలికాడు. షెకూవే గుండె ఆగిపోయింది. ఇంతలో లోపల్నుంచి కాఫీకి పిలిచారు, ఆయన చెప్పులు విడిచి లోపలికెళ్లిపోయాడు. షెకూవే తల వంచుకుని గబగబా సందు దాటేశాడు.

పనిలో కూర్చుంటే ఉలి జారేది. మనుషుల భయం ఒకెత్తు, పైవాడి భయం ఒకెత్తు. ఆ ఇద్దరు పిల్లలూ నిజంగా తన చేతి చుక్క వల్లే పోయారా? మౌల్వీగారిని అడుగుదామంటే అడిగిన వెంటనే ఎందుకని అడుగుతారు. రాత్రింబవళ్లు ఆ మాటే తిరుగుతుంటే, "లెక్కేసుకుని చూడు," అంది మిజే ఒకరోజు. "పిల్లలు ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో పోవడం లేదు? వాళ్లందరి గుమ్మాల మీదా చుక్కలున్నాయా?" ఆ మాట అన్నదే గానీ, హిదాయా దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆమె కూడా కొంగు నెత్తిన లాక్కుని, పైకి చూడకుండా గుమ్మం దాటేది.

ఒక శుక్రవారం తెల్లవారుతుండగా తలుపు తట్టారు. హిదాయాకి నొప్పులు మొదలయ్యాయి, ఇంకా పదిహేను రోజులుండగానే. మిజే గబగబా సామాను సర్దుకుంది. వాకిట్లో ఆగి వెనక్కి తిరిగింది.

"ఈ బిడ్డ కూడా పోతే, నేను ఆ ఇంట్లోంచి బయటికి రాలేనయ్యా," అంది. "ఎవరూ పట్టుకోనక్కర్లేదు. నాకే కాళ్లు రావు."

ఆమె వెళ్లాక షెకూవే చాలాసేపు చాప మీద అలాగే కూర్చున్నాడు. పొద్దెక్కింది. జుమ్మా నమాజు పిలుపు వినిపించింది. వెళ్లవలసినవాళ్లంతా స్నానాలు చేసి, తెల్లటి నిలువుటంగీలు వేసుకుని పెద్ద మసీదుకి బయల్దేరారు. ఊళ్లో మగవాడన్నవాడు సందుల్లో ఉండని గంట వారం మొత్తానికి అదొక్కటే. జుమ్మా తప్పించడం ఎంత తప్పో అతనికి తెలుసు. ఊహ తెలిశాక ఏనాడూ తప్పించలేదు. సన్నటి ఉలి, నూనె గిన్నె, గుడ్డపీలికలు సంచిలో వేసుకుని, పొట్టి నిచ్చెన భుజాన పెట్టుకున్నాడు. ఎవరైనా కనిపిస్తే నూనె రాయడానికని చెబుదామనుకున్నాడు. జుమ్మా వేళ నూనె ఏమిటని అడిగితే ఏం చెప్పాలో మాత్రం తోచలేదు.

సందు ఖాళీగా ఉంది. అరుగు మీద ఎవరూ లేరు. గోడ నీడన ఒక గాడిద నిలబడి ఉంది. నిచ్చెన ఆనించి ఎక్కుతుంటే పై గదిలోంచి హిదాయా మూలుగు వినిపించింది. ఆ వెంటే మిజే గొంతు, "ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం" అంటోంది.

చుక్క దగ్గరగా చూస్తే నిజంగా ముచ్చటగా ఉంది. తన చెయ్యి కదా. ఉలి ఆనించాడు. అది జారి అక్షరాన్నే కోసేస్తే? కరుణ అన్న మాటే తెగిపోతే? ఊపిరి బిగబట్టి, కొడతి వాడకుండా అరచేత్తో ఉలి వెనక ఒక్క దెబ్బ వేశాడు. చుక్క పగుల్లేదు. రెండోది, మూడోది గట్టిగా వేశాడు. శనగబద్దలా ఎగిరి అరుగు మీద పడింది.

అప్పుడు చూశాడు. మూడేళ్ల నూనెకీ గాలికీ నల్లబడ్డ పట్టె మీద, చుక్క ఊడిన చోట పచ్చి చెక్క పాలలా తెల్లగా మెరుస్తోంది. కిందనుంచే కాదు, సందు చివర్నుంచి కూడా కనిపిస్తుంది. పుట్టి బుద్ధెరిగి చెక్కతోనే బతికిన మనిషి, ఆ ఒక్క సంగతి మర్చిపోయాడు. గుడ్డపీలికతో నూనె అద్దాడు. మచ్చ ఇంకా మెరుస్తూ, ఇంకా స్పష్టంగా తేలింది.

లోపల గడియ తీసిన చప్పుడైంది.

"ఎవడ్రా అది? నా కోడలు నొప్పులు పడుతుంటే గుమ్మానికి మేకులు కొడుతున్నావా? ఎవడు పంపాడ్రా నిన్ను?"

మ్వానా ఎషా. నల్లటి వస్త్రం నెత్తిన సగం జారి ఉంది, చేతిలో కర్ర. గుమ్మానికి మేకు కొట్టడమంటే చేతబడి చెయ్యడమేనని ఆ సందులో అందరికీ తెలుసు. షెకూవే నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు.

"మేకు కాదమ్మా... మేకు కాదు... నేను షెకూవేని."

"దిగు."

దిగాడు. ఆమె కర్ర అతని గుండెకి ఆనించింది. "జుమ్మా మానేసి నా ఇంటి గుమ్మం మీద నీకేం పని? నిజం చెప్పు. అబద్ధమాడితే ఇప్పుడే కేకేస్తాను."

అతను చెప్పాడు. వరసగా కాదు, మాటలు తొట్రుపడుతూ, ఈగ సంగతి ముందు, ఖతీబు గారి సంగతి తర్వాత, తనకి చదువు రాదన్న సంగతి, మిజే చదివిన సంగతి చివర. అరుగు మీద పడ్డ చుక్కని వెతికి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. ముసలావిడ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. ఆమె ముఖంలో రక్తం తగ్గిపోవడం షెకూవే చూశాడు. అరుగు మీద చతికిలబడింది.

"తెలియక చేశానంటావు. ఎలా నమ్మను?" అంది. "నా కొడుకు నిన్ను నలుగుర్లో అవమానించాడు. నువ్వేమన్నావో కూడా నాకు చేరింది."

ఆమె కర్ర చివరతో దుమ్ములో ఏదో రాసింది. "చదువు."

అతను వంగి చూశాడు. ఇది తప్పితే అంతే అని తెలుసు. చూసిన కొద్దీ గీతలు కదిలాయి. "తెలీదమ్మా," అన్నాడు.

"నీ పేరురా అది," అంది ఆవిడ.

అప్పుడే సందు మొదట్లో మాటలు వినిపించాయి. జుమ్మా అయిపోయింది. నస్సోరు ముందు, వెనక అరుగు మనుషులు ఏడెనిమిది మంది. నిచ్చెన చూసి, అరుగు మీద తల్లిని చూసి నస్సోరు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఏమైందమ్మా? హిదాయాకి ఎలా ఉంది?"

"ఇంకా కాలేదు. ఇతన్ని నేనే పిలిపించాను, తలుపుకి నూనె రాయమని," అంది మ్వానా ఎషా, ముసుగు సర్దుకుంటూ.

షెకూవే గబుక్కున నూనె గిన్నె అందుకున్నాడు. కానీ అప్పటికే వెనకవాళ్ల తలలు పైకి లేచాయి. వాళ్లలో బళ్లో పాఠం చెప్పే షరీఫ్ బాదీ ఒకడు. "ఈ తెల్ల మచ్చేంటి? ఇక్కడేదో పీకేశాడే," అన్నాడు. వేలితో అక్షరాలు దిద్దుతూ, "ఇక్కడ చుక్క ఉండేదేమో... చుక్క ఉంటే..." అని ఆగిపోయాడు.

"ఉంటే?" అన్నాడు నస్సోరు.

షరీఫ్ బాదీ వేలు దించేశాడు. నస్సోరు తనే చూశాడు. తనే చదివాడు. తిరిగినప్పుడు అతని ముఖం చూసి షెకూవే ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"ఏది రాసిపెట్టి ఉందో అదే దొరుకుతుందన్నావు కదూ," అన్నాడు నస్సోరు. గొంతు పెద్దది చెయ్యలేదు. రెండు చేతులతో షెకూవే మెడ దగ్గర అంగీ పట్టుకుని గోడకి అదిమాడు. "నా పిల్లలిద్దరు. ఇద్దర్రా!"

పారిపోవడానికి దారి లేదు. మ్వానా ఎషా ఇచ్చిన నూనె మాట పట్టుకోవడానికీ ఇక వీలు లేదు. షెకూవే కళ్లు మూసుకుని, ఊరంతా వినేలా అరిచాడు.

"నాకు చదవడం రాదు షావుకారూ! ఒక్క అక్షరం రాదు! కాగితం మీద ఈగ మచ్చ ఉంది, దాన్నీ చెక్కేశాను! నా తల మీద ఖురాను పెట్టండి, ప్రమాణం చేస్తాను!"

ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. "అక్షరం రానివాడా మా ఇంటి మీద దేవుడి మాట చెక్కింది?" అన్నాడు ఇంకొకడు.

కర్ర నేలకి తగిలింది. "నవ్వకు," అంది మ్వానా ఎషా. "ఈ దుమ్ములో అతని పేరే రాశాను, గుర్తుపట్టలేకపోయాడు. సరే, అతనికి రాదు. మీకు వచ్చుగా? మూడేళ్లు ఈ అరుగు మీద నా ఇంటి కాఫీ తాగుతూ దీన్ని మెచ్చుకోనివాడు మీలో ఎవడు? ఒక్కడైనా చదివాడా? షరీఫ్, నువ్వు చదివావా? ఖురాను మూడుసార్లు ముగించినదాన్ని, రోజుకి పదిసార్లు దీని కింద నడిచినదాన్ని, నేను చదివానా? అతని మీద రాయి వేసేవాడు ముందు నా మీద వెయ్యండి."

షరీఫ్ బాదీ చెప్పుల వైపు చూసుకున్నాడు. నస్సోరు చేతులు మెల్లగా వదులయ్యాయి. కానీ కళ్లు వదలలేదు.

"వెళ్లు," అన్నాడు. "ఈ బిడ్డ బతికితే నీ దారి నీది. బతక్కపోతే మాత్రం, నువ్వీ ఊళ్లో కనిపించకు. నేనేం చేస్తానో నాకే తెలీదు."

షెకూవే ఇంటికెళ్లి తలుపు వేసుకున్నాడు. మిజే ఆ ఇంట్లోనే ఉంది. సందులో ఏ అడుగు వినిపించినా తన కోసమే అనిపించింది. సామాను సర్దుకుని పడవెక్కి పక్క దీవిలోని సియూ ఊరు పోదామా అని లేచాడు, మిజేని వదిలి ఎక్కడికని మళ్లీ కూర్చున్నాడు. మధ్యాహ్నం నమాజుకి ఎన్నిసార్లు వంగాడో లెక్క తెలియలేదు. తన కోసం అడగబోయి, అడగడానికి నోరు రాక, ఆ కనబోయే పిల్ల కోసమే అడిగాడు.

పొద్దు వాలుతుండగా మిజే వచ్చింది. మోచేతుల దాకా అలసట కనిపిస్తోంది.

"ఆడపిల్ల," అంది. "బతికే ఉంది. ముందు ఏడవలేదు. నీలంగా ఉంది. కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి వీపు రుద్దాను. ఎంతసేపని చెప్పను... నస్సోరు తలుపు బయట నిలబడ్డాడు. కింద అతను నీతో అన్న మాట విన్నాను, నాకు నీ మెడే కనిపించింది." కాసిని నీళ్లు తాగింది. "అప్పుడు పిల్లికూనలా అరిచింది."

భయం అంతటితో తీరలేదు. మొదటి పిల్లాడు ఏడో రోజునే కదా పోయింది! ఏడో రోజు గడిచేదాకా ఇద్దరూ ఒకరితో ఒకరు గట్టిగా మాట్లాడుకోలేదు. మిజే రోజూ వెళ్లొచ్చేది. "పాలు తాగింది" అని ఒకరోజు, "కొంచెం వెచ్చగా ఉంది" అని ఒకరోజు చెప్పేది. వెచ్చగా ఉందన్న రోజు షెకూవే కంచం ముట్టలేదు. నలభై రోజులు నిండి పిల్లని మొదటిసారి గుమ్మం దాటించి బయటికి తెచ్చినప్పుడు, అతను చేపలమ్మేవాడి గంపల వెనక నిలబడి దూరంనుంచి చూశాడు. తెల్లటి గుడ్డలో చిన్న పిడికిలి ఒకటి కదలడం కనిపించింది. ఇంటికొచ్చి ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

అతనికి కీడు జరగలేదని కాదు. సంగతి ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది. రాత ఉన్న పని ఎవరూ ఇవ్వలేదు. అప్పటికే ఒప్పుకున్న రెండు ఇళ్లవాళ్లు కాగితాలు వెనక్కి తీసుకున్నారు. పూలు, పొలుసులు, గొలుసులు చెక్కే పని మాత్రం వచ్చేది, అదీ తగ్గింది. సందులో పిల్లలు "కళ్లలో పొట్టు పడిందా తాతా?" అని వెక్కిరించేవాళ్లు. వింతేమిటంటే, అన్నేళ్లు ఏ నవ్వుకి వణికాడో ఆ నవ్వు రోజూ వినిపిస్తున్నా మనిషి చచ్చిపోలేదు.

మిజే అతనికి అక్షరాలు నేర్పింది. పుస్తకంతో కుదరలేదు. మిగిలిన చెక్కముక్కల మీద బొగ్గుతో ఒక అక్షరం రాసిచ్చి, "చెక్కు" అనేది. చెక్కాక కళ్లు మూసుకుని వేలితో తడిమి పేరు చెప్పమనేది. చేతికి తెలిశాకే కంటికి తెలిసింది. నాలుగేళ్లు పట్టింది. చివరికి కూడా గడగడా చదవలేకపోయాడు. ఎవరైనా రాత పని తెస్తే, తను చదివి, మిజే చేత చదివించి, ఇంటివాడి చేత గట్టిగా చదివించుకుని, కాగితాన్ని వెలుతురులో పెట్టి ప్రతి చుక్కా గోటితో గీరి చూశాకే ఉలి పట్టేవాడు. పట్టినా గుండె దడ తగ్గేది కాదు. అది చచ్చేదాకా తగ్గలేదంటుంది మిజే.

నస్సోరు ఏడాది పాటు అతనితో మాట్లాడలేదు. ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు. ఒక ఉదయం రేవులో వెనకనుంచి ఆ గొంతు వినిపించింది. షెకూవే మెడ దానంతటదే ముడుచుకుపోయింది.

"గుమ్మం కింద చెద పట్టినట్టుంది," అన్నాడు నస్సోరు, సముద్రం వైపు చూస్తూ. "వచ్చి చూడు. అమ్మ పిలవమంది."

వెళ్లాడు. అరుగు మీదివాళ్లు జరిగి దారిచ్చారు. షెకూవే తల ఎత్తకుండా మోకాళ్ల మీద కూర్చుని, గడప పక్కన మట్టి గీకి, చెద తిన్న మేర ఉలితో పొడిచి చూస్తున్నాడు. లోపలి నడవలోంచి, మిజే చేతుల్లో పుట్టిన ఆ పిల్ల పాక్కుంటూ వచ్చి, మెరుస్తున్న ఉలి వైపు చెయ్యి చాపింది. షెకూవే గబుక్కున ఉలిని వీపు వెనక దాచేసుకుని, "అమ్మా, ఎవరైనా రండి! పిల్లని తీసుకెళ్లండి!" అని కేకపెట్టాడు.